అడిగిన నోరు, అందిన జవాబు
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో, నాకు చదువు చెప్పిన ఆ మాస్టారు ముందు పద్యం చదివించేవారు, ఆ తర్వాతే అర్థం చెప్పేవారు. సిద్ధాంతం చెప్పి దానికి ఉదాహరణలు వెతుక్కోవడం ఆయనకు నచ్చేది కాదు. అందుకని నేనూ కథలతోనే మొదలుపెడతాను. ప్రాచీన సాహిత్యంలో ప్రేమా, కోరికా పాత్రల తలరాతను ఎలా నడిపించాయన్నది ఇవాళ్టి విషయం. ఇది అంతులేని విషయం. గంటలో చెప్పగలిగింది కొంచెమే కనక ఒక్క క్షణం మీదే నిలబడతాను: ఒక స్త్రీ తన మనసులోని కోరికను తానే నోరు విడిచి చెప్పే క్షణం. మన ఇతిహాసాల్లో, ప్రబంధాల్లో ఇది ఎన్నిసార్లు వస్తుందో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది. అలా అడిగినప్పుడు ఎదుటివాడు ఏం జవాబిచ్చాడు, ఏ తీరున ఇచ్చాడు అన్నదాని మీదే తర్వాతి కథంతా ఆధారపడి ఉంటుందని నేను నమ్ముతున్నాను.

ఇద్దరు రాక్షస స్త్రీలను పక్కపక్కన పెట్టి చూడండి.

పంచవటికి శూర్పణఖ వచ్చింది. రాముణ్ణి చూసి మనసు పడింది, పెళ్ళి చేసుకోమని అడిగింది. రాముడు తనకు పెళ్ళైందని చెప్పి, తమ్ముణ్ణి చూపించాడు. లక్ష్మణుడు తాను దాసుణ్ణని, ఆమెకు అన్నగారే తగినవాడని మళ్ళీ రాముడి దగ్గరికే పంపాడు. ఆమె అడిగిన మాట అన్నదమ్ముల మధ్య పరిహాసమై అటూ ఇటూ తిరిగింది. చివరికి ఆమె సీత మీదికి దూకింది. ఆ దూకడాన్ని నేను సమర్థించను. ముక్కూ చెవులూ పోయాయి. అదే ముఖంతో అన్న ఖరుడి దగ్గరికి వెళ్ళింది, ఆ తర్వాత లంకకు వెళ్ళింది. అక్కడి నుంచి కథ ఎటు నడిచిందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక రెండో ఆమె హిడింబ. లక్క ఇంటి నుంచి బయటపడిన పాండవులు అడవిలో నిద్రపోతుంటే భీముడు ఒక్కడే మేలుకుని కాపలా కాస్తున్నాడు. వాళ్ళను చంపి మాంసం తెమ్మని అన్న పంపితే వచ్చింది హిడింబ. వచ్చి, భీముణ్ణి చూసి, అన్న చెప్పిన పని మరిచిపోయింది. తన మనసు దాచుకోకుండా చెప్పేసింది. భీముడు హిడింబుణ్ణి చంపాక ఆమెనూ చంపబోయాడు, ధర్మరాజు వద్దన్నాడు. అప్పుడామె ఎవరి వైపు తిరిగిందో చూడండి. కుంతి వైపు తిరిగింది. ఇలాంటి బాధ ఆడవాళ్ళకు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదమ్మా అన్న అర్థం వచ్చేలా వేడుకుంది. ఆ మాట కుంతి విన్నది. పగలు ఆమెతో ఉండి, పొద్దుగూకేసరికి భీముడు తిరిగి రావాలన్న ఒప్పందం మీద పెద్దలు సరేనన్నారు. ఘటోత్కచుడు పుట్టాడు. కురుక్షేత్రంలో పద్నాలుగో రోజు రాత్రి కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న ఇంద్రుడి శక్తిని ఆ ఘటోత్కచుడి మీద ఖర్చుపెట్టాల్సి వచ్చింది. అర్జునుడు బతికాడు.

ఇద్దరూ రాక్షస స్త్రీలే, ఇద్దరికీ అడవే. ఇద్దరూ పరాయి మగవాణ్ణి చూసి, దాపరికం లేకుండా అడిగారు. ఒకచోట ఆ మాటను పరిహాసం చేశారు, వంశాలే కూలాయి. ఇంకోచోట ఒక అత్తగారు దాన్ని మనిషి మాటగా విన్నది, ఆమె కొడుకు ప్రాణం నిలిచింది. శూర్పణఖను రాముడు పెళ్ళాడాల్సిందని నా ఉద్దేశం కాదు. కాదనే హక్కు ఎవరికైనా ఉంది. కాదనే తీరు గురించే నా బాధ.

కాదనడంలో ఎన్ని రకాలున్నాయో, హిడింబ కథ ఉన్న మహాభారత ఆదిపర్వమే ఇంకో కథలో చూపిస్తుంది. నన్నయగారి తెలుగులో మీలో చాలామంది చదువుకున్న కచదేవయానుల కథ అది. నేను కాస్త ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

బృహస్పతి కొడుకు కచుడు, చనిపోయినవాళ్ళను బతికించే మృతసంజీవనీ విద్య కోసం దానవుల గురువు శుక్రాచార్యుల దగ్గరికి శిష్యుడిగా వచ్చాడు. పంపేటప్పుడు దేవతలు అతనికి ఒక సలహా ఇచ్చారు: శుక్రుడికి కూతురు దేవయాని అంటే ప్రాణం, ఆమెను మంచితనంతో సంతోషపెడితే విద్య తప్పకుండా దక్కుతుంది. ఈ సలహాను మనం పెద్దగా గుర్తుంచుకోం. కథ చెప్పేటప్పుడు కచుణ్ణి నిగ్రహం గల బ్రహ్మచారిగా, దేవయానిని తొందరపాటు పిల్లగా చూపిస్తాం. కానీ పూలు తెచ్చి, పాటలు పాడి, ఆడి ఆమెను మెప్పించింది అతనే. ఆ మెప్పింపు వెనక ఒక పని ఉందని అతనికి తెలుసు, ఆమెకు తెలియదు.

ఒక సాయంత్రం పొద్దు కుంకింది. హోమాల వేళైంది. మేతకు వెళ్ళిన ఆవులు కాపరి లేకుండా ఇల్లు చేరాయి. కచుడు రాలేదు. దేవయాని తండ్రి దగ్గరికి వెళ్ళి ఇదే చెబుతుంది. నన్నయ ఈ ఘట్టాన్ని రాసిన తీరు చూడండి. ఆమె తన మనసు గురించి ఒక్కమాటా అనదు. సూర్యుడి సంగతి, ఆవుల సంగతి, అడవిలో మృగాల సంగతి చెబుతుంది. ఆ వరస వింటుంటేనే మనకు అర్థమైపోతుంది ఆమెకేమైందో. తెలుగు కవిత్వంలో ప్రేమ తొలిసారి ఇంత నిండుగా కనిపించేది ఈ ఆవుల రాక దగ్గరేనని నేననుకుంటాను. కచుణ్ణి దానవులు చంపినప్పుడల్లా ఆమె కోసమే తండ్రి బతికించాడు. చివరికి బూడిద చేసి సురలో కలిపి గురువు చేతే తాగించారు. ఇప్పుడు కచుడు బతకాలంటే తండ్రి కడుపు చీల్చుకుని రావాలి. అప్పుడే విద్య అతనికి దక్కింది. బయటికొచ్చి, చనిపోయిన గురువును అదే విద్యతో బతికించాడు. ద్విజులకు సురాపానం నిషిద్ధమని శుక్రుడు కట్టడి చేసింది కూడా ఆ రోజే.

చదువు పూర్తై వెళ్ళిపోతున్నప్పుడు దేవయాని అడిగింది. కచుడు కాదన్నాడు. నీ తండ్రి కడుపులోంచి పుట్టాను, నీకు తోబుట్టువునయ్యాను అన్నాడు. ధర్మం దృష్టితో ఈ జవాబులో తప్పు పట్టలేం. కానీ ఆ మాట అనడానికి అతనికి వీలు కలిగించింది ఆమె ప్రేమే కదా! ఆమె పట్టుబట్టకపోతే అతను గురువు కడుపులోనే కలిసిపోయేవాడు. ఆ సంగతి ఒప్పుకుని, నీవల్లే బతికాను, నీ మనసు నొప్పిస్తున్నాను, మన్నించు అన్న ముక్క ఒక్కటి ముందుగా అని ఉంటే కథ ఇంకోలా నడిచేదేమో. దేవయాని కోపంతో నీ విద్య నీకు పనిచేయకపోవాలని శపించింది. నాకు పనిచేయకపోతే నా దగ్గర నేర్చుకున్నవాళ్ళకు పనిచేస్తుందిలే అని, నిన్ను ఏ ఋషికుమారుడూ పెళ్ళాడడని అతనూ ఎదురు శాపమిచ్చాడు.

ఈ చివరి మాట తేలిగ్గా తీసుకోదగింది కాదు. మహాభారతంలోని రెండు మహావంశాలు ఈ ఒక్క మాట మీంచే వచ్చాయి. ఋషికుమారులెవరూ పెళ్ళాడరు కనక దేవయాని క్షత్రియుడి దగ్గరికి చేరింది. స్నానానికి వెళ్ళినప్పుడు గాలికి చీరలు కలగలిసిపోవడం, రాజకుమార్తె శర్మిష్ఠతో మాటా మాటా పెరగడం, శర్మిష్ఠ ఆమెను నూతిలోకి తోసెయ్యడం, యయాతి మహారాజు వచ్చి కుడిచెయ్యి పట్టుకుని పైకి లాగడం మీకు తెలిసిన కథే. దేవయాని మళ్ళీ అడిగింది. జీవితంలో రెండోసారి. నా చెయ్యి నువ్వు పట్టుకున్నావు, ఇంకొకరు ఎలా పట్టుకుంటారు అంది. బ్రాహ్మణుడి కూతురనీ, శుక్రుడి కోపమనీ యయాతి జంకాడు. శుక్రుడు ఒప్పుకున్నాక పెళ్ళి చేసుకున్నాడు. అంటే ఆమెకు దొరికిన జవాబు అవునే, కానీ భయంతో వచ్చిన అవును. ఆ భయం కాపురమంతా ఆమె పక్కనే ఉంది.

శర్మిష్ఠ కూడా అడిగింది. తన కులం కోసం దేవయానికి దాసిగా వచ్చిన రాజకుమార్తె ఆమె. దాసి సొత్తు యజమానురాలిది, యజమానురాలు నీది, కాబట్టి నేనూ నీదాన్నే అని యయాతితో వాదించింది. బానిసత్వాన్నే తర్కంగా మలచుకుని తన కోరికకు దారి చేసుకున్న స్త్రీ ప్రపంచ సాహిత్యంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. యయాతి సరేనన్నాడు. అయితే రహస్యంగా. ముగ్గురు కొడుకులు పుట్టాక ఒకరోజు తోటలో ఆ పిల్లలు దేవయానికి కనిపించారు. మీ నాన్న ఎవరని అడిగితే వేలెత్తి రాజును చూపించారు. పరుగెత్తుకుంటూ తండ్రి దగ్గరికి వెళ్ళారు. దేవయాని పక్కనే ఉంది కనక రాజు వాళ్ళను దగ్గరికి తీసుకోలేదు. పిల్లలు ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళ్ళిపోయారు. వ్యాసుడు ఈ చిన్న వివరం వదల్లేదు. యయాతికి శుక్రుడు శాపంగా ఇచ్చిన ముసలితనం కంటే, ఆ పిల్లల వైపు చాచలేకపోయిన చేతులే అతని అసలు శిక్ష అని నాకు అనిపిస్తుంది.

తర్వాతిది క్లుప్తంగా చెబుతాను. తన ముసలితనం తీసుకోమని యయాతి కొడుకులను అడిగితే యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు కాదన్నారు. శర్మిష్ఠ చిన్నకొడుకు పూరువు తీసుకున్నాడు. రాజ్యం పూరువుకు పోయింది. ఆ వంశంలోనే దుష్యంతుడు, భరతుడు, కురువు, కౌరవపాండవులు. దేవయాని పెద్దకొడుకు యదువు వంశంలో కృష్ణుడు. కచుడు వెళ్ళిపోతూ అన్న ఒక్క కఠినమైన మాట లేకపోతే ఈ రెండు వంశాలూ లేవు.

మన దగ్గర వీళ్ళందరూ తమ నోటితో తామే అడిగారు. ఇది అన్నిచోట్లా చెల్లిన సంగతి కాదు. క్రీస్తుపూర్వం 428లో ఏథెన్స్‌లో యూరిపిడీస్ ‘హిపోలిటస్’ నాటకం ప్రదర్శించాడు. సవతి కొడుకు మీద మనసు పడిన ఫేడ్రా కథ అది. అంతకుముందు ఆయన ఇదే కథతో రాసిన నాటకంలో ఫేడ్రా స్వయంగా అడిగిందని, అది ప్రేక్షకులకు మింగుడుపడలేదని చెబుతారు. ఇప్పుడు మనకు మిగిలిన నాటకంలో ఆమె చెప్పదు, లోలోపల కుమిలిపోతుంది, దాది చెబుతుంది. దానికి మొదటి బహుమతి వచ్చింది. దాది నోట విన్న హిపోలిటస్ స్త్రీజాతినంతా తిట్టిపోశాడు. ఫేడ్రా ఉరిపోసుకుంటూ అతని మీద అబద్ధపు నేరం రాసిపెట్టి పోయింది. తండ్రి శాపానికి సముద్రంలోంచి ఎద్దు లేచింది, బెదిరిన గుర్రాలు హిపోలిటస్‌ను ఈడ్చుకుపోయాయి.

ఇదే కథ మనకు రాజమహేంద్రవరం పేరుతో ఉంది. సారంగధరుడు పావురం కోసం సవతితల్లి చిత్రాంగి మేడకు వెళ్ళాడు. చిత్రాంగి అడిగింది, అతను కాదన్నాడు, ఆమె రాజుతో అబద్ధం చెప్పింది, రాజు కొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడు. చేమకూర వెంకటకవి దీన్ని కావ్యంగా రాశారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి ‘విషాద సారంగధర’ నాటకంగా ఊరూరా కన్నీళ్ళు పెట్టించింది. కథలో రాజు రాజరాజనరేంద్రుడు. నన్నయగారి చేత భారతం రాయించిన రాజు పేరే. ఇది చరిత్ర కాదు, జనం అల్లుకున్న కథ. అయితే జనం చెప్పుకునే కథనాల్లో ఒక మాట ఉంది: చిత్రాంగిని మొదట చూసింది సారంగధరుడి కోసమేనని, చిత్రపటం చూసి తండ్రే ఆమెను చేసుకున్నాడని. ఆ ఒక్క మాటతో చిత్రాంగి రాక్షసి కాకుండా పోతుంది. ఆమె చెప్పిన అబద్ధం క్షమించరానిది. దానికి ముందు ఆమెకు జరిగిన మోసాన్ని లెక్కలోకి తీసుకోకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఇప్పుడు వరూధిని దగ్గరికి వద్దాం. నా ఉద్దేశంలో తెలుగు సాహిత్యంలోనే పెద్ద అన్యాయం ఆమెకు జరిగింది. కవి చేసిన అన్యాయం కాదు, పాఠకులుగా మనం చేసింది.

శ్రీకృష్ణదేవరాయల కోరిక మీద అల్లసాని పెద్దన మార్కండేయ పురాణంలోని స్వారోచిష మనుసంభవ కథను తీసుకుని ‘మనుచరిత్రము’ రాశాడు. అరుణాస్పదపురంలో ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి, అతిథులంటే ప్రాణం పెట్టేవాడు. ఒక సిద్ధుడు ఇచ్చిన పాదలేపంతో హిమాలయం చూడబోయాడు. మంచుకు లేపం కరిగిపోయింది. ఇల్లు చేరే దారి లేదు. గాలిలో కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన వచ్చింది, దాన్ని బట్టి ఇక్కడ మనుషులున్నారనుకుని వెళ్ళాడు. వరూధిని కనిపించింది. దారి అడిగాడు. అంత పెద్ద కళ్ళుంచుకుని దారి తెలియదంటావేం, మాట కలపడానికి వంక కదా అని ఆమె నవ్వింది. ఆ తర్వాత తన మనసు చెప్పింది. స్వర్గాలూ సుఖాలూ కాళ్ళ దగ్గరికి వస్తుంటే ఈ కర్మకాండ దేనికని వాదించింది. అతను వినలేదు. ఆమె మీదపడి కౌగిలించుకోబోతే తోసేశాడు.

ఆ తోపు తర్వాత పెద్దన రాసిన పద్యం ముందు నేను ప్రతిసారీ ఆగిపోతాను. వరూధిని శపించదు. అప్సరసే, శపించగలదు. దెబ్బ తగిలిన చోటు చూపిస్తుంది. ఇదిగో, నీ గోరు ఇక్కడ తగిలింది చూడు, ఆడవాళ్ళు ఇంత దెబ్బ ఓర్చుకోగలరా అని ఏడుస్తుంది. దేవయాని శపించింది, చిత్రాంగి అబద్ధం చెప్పింది, ఫేడ్రా నేరం మోపింది, శూర్పణఖ అన్నలను పంపింది. వరూధిని చేసిన ఫిర్యాదల్లా ఒక గోటి గీత చూపించడం. అది కూడా ఎవరో న్యాయాధికారికి కాదు, తోసినవాడికే. ఆ తర్వాత వచ్చే చంద్రుణ్ణి తిట్టడాలూ, చెలికత్తెల ఉపచారాలూ ప్రబంధానికి అలవాటైనవి, అందంగా ఉన్నాయి, అంతే. నాకు మాత్రం ఆమె దుఃఖమంతా ఆ గోటి గీతలోనే ఉంది.

ప్రవరుణ్ణి తప్పుపట్టను. అతనికి ఆమె మీద మనసు లేదు, ఇంటి మీదే ఉంది. అగ్నిదేవుణ్ణి ప్రార్థించి, ఆయన దయతో ఇల్లు చేరాడు. నిజాయితీగా కాదన్నాడు, వెళ్ళాడు. మన చదువు చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. ప్రవరుడి నిగ్రహం పాఠమవుతుంది, పుస్తకం మూసేస్తాం. ఆరు ఆశ్వాసాల కావ్యంలో అతను ఇల్లు చేరేది రెండో ఆశ్వాసంలోనే.

మాస్టారు ఒకసారి క్లాసులో మనుచరిత్ర తెరిచి, పాఠం మొదలుపెట్టకుండా ఒక ప్రశ్న వేశారు. “వరూధినికి నిజం ఎప్పుడు తెలిసిందర్రా?” మాలో ఎవరూ చెప్పలేకపోయాం. “చదివి రండి” అన్నారు, పాఠం చెప్పకుండానే వెళ్ళిపోయారు. చదివాం. ఎప్పుడూ తెలియలేదు. వెనక ఒకసారి ఆమె తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుడి రూపంతో వచ్చాడు. ఆమె నమ్మింది. పురాణకథలో అతను ఒక షరతు పెడతాడు, కలిసే వేళ కళ్ళు మూసుకోవాలని. ఆమె కళ్ళు మూసుకుని, అగ్నితేజస్సుతో వెలిగిపోతూ వెళ్ళిన ప్రవరుడి రూపాన్నే తలుచుకుంది. ఆ తలపు వల్లే కొడుకు సూర్యుడిలా వెలుగుతూ పుట్టాడని, అందుకే స్వరోచి అయ్యాడని పురాణం చెబుతుంది. బిడ్డ శరీరం మోసగాడిది కావచ్చు. బిడ్డ వెలుగు మాత్రం ఆమె తలపులోంచి వచ్చింది. ఒక స్త్రీ ప్రేమకు ఇంతకంటే పెద్ద గౌరవం ఏ కవీ, ఏ పురాణకర్తా ఇవ్వలేదని నేను గట్టిగా చెప్పగలను. అదే సమయంలో ఇంతకంటే పెద్ద మోసం కూడా ఎవరికీ జరగలేదు. ఆమె ప్రేమించినవాడు ఆమెను ప్రేమించలేదు. ఆమెతో ఉన్నవాడిని ఆమె ప్రేమించలేదు. గంధర్వుడు ఏదో వంక చెప్పి వెళ్ళిపోయాక కావ్యం ఆమెను వదిలేసి కొడుకు వెంట సాగుతుంది.

ఆ కొడుకు కథ కూడా చదవాలి. స్వరోచి రాక్షసుడి బారి నుంచి మనోరమను కాపాడి పెళ్ళాడాడు. ఆమె చెలికత్తెలు విభావరి, కళావతులకు వచ్చిన వ్యాధులు నయం చేసి వాళ్ళనూ పెళ్ళాడాడు. ఒకరోజు పక్షులు మాట్లాడుకోవడం విన్నాడు. ముగ్గురిని చేసుకున్న ఇతని ప్రేమ ఏం ప్రేమ అని చక్రవాకి అంటోంది. సిగ్గుపడ్డాడు, కానీ మారలేదు. ఇంకోసారి ఒక మగలేడి, తన చుట్టూ మూగిన ఆడలేళ్ళను నేను స్వరోచిని కాను పొమ్మంటోంది. చివరికి ఒక ఆడలేడి అతని దగ్గరికొచ్చి, నన్ను కౌగిలించుకో అని అడిగింది.

ఇక్కడ కాస్త ఆగండి. కథ ఎక్కడ మొదలైంది? హిమాలయంలో ఒక స్త్రీ కౌగిలి అడిగితే ఒక మనిషి తోసేశాడు. కథ ఎక్కడికి చేరింది? అడవిలో ఒక లేడి కౌగిలి అడిగితే, ఆ స్త్రీ కొడుకు తోసెయ్యలేదు. మనిషినై ఉండి లేడిని ఎలా కౌగిలించుకోవడమని సందేహించాడు, అయినా ఆ మాట మన్నించాడు. లేడి వనదేవతగా మారింది. వాళ్ళకు పుట్టినవాడే స్వారోచిష మనువు. పద్నాలుగు మనువుల్లో రెండోవాడు, ఒక మన్వంతరానికంతా ప్రభువు. తల్లికి దక్కని జవాబు కొడుకు నోట పలికాకే మనువు పుట్టాడు. పురాణంలో ఈ ఎముకలగూడు ఉంది. పెద్దన దానికి వరూధిని కన్నీళ్ళతో ప్రాణం పోశాడు. ‘అల్లసానివాని అల్లిక జిగిబిగి’ అన్న పేరుతో విశ్వనాథ సత్యనారాయణగారు పుస్తకమే రాశారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ల ఇంగ్లీషు అనువాదం 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీ వేసింది. తెలుగు రాని మన పిల్లలకు, అమెరికాలో పెరుగుతున్న మనవలకు ఆ పుస్తకం ఇవ్వండి. రెండు పక్కలా మూలమూ, అనువాదమూ ఉన్నాయి.

అడగకుండానే అడిగిన ఒకామె కూడా ఉంది. పింగళి సూరన కళాపూర్ణోదయంలోని సుగాత్రి. కాశ్మీరంలో శారదాదేవి గుడి పూజారి కూతురు. శాలీనుడు ఇల్లరికపు అల్లుడు, అమ్మవారి పూలతోటలో పని అతనిది. నిండా నగలు పెట్టి, పూలు ముడిచి గదిలోకి పంపితే అతను కన్నెత్తి చూడలేదు. తల్లికి కోపం వచ్చి కూతురి నగలన్నీ ఊడదీసింది. ఒకరోజు ఉరుములూ మెరుపులతో వాన వస్తుంటే, భర్త తోటలో ఏమైపోయాడోనని సుగాత్రి వెళ్ళింది. కొంగు బిగించి అతనితోపాటు పనిలోకి దిగింది. చెమట పట్టిన ఒళ్ళు, మట్టి చేతులు. అప్పుడు శాలీనుడు మొదటిసారి ఆమెను చూశాడు. పదహారో శతాబ్దంలో, రాజాస్థానాల చుట్టూ కవిత్వం తిరిగే రోజుల్లో, పనిచేసే ఆడమనిషిలో అందాన్ని చూసిన కవి సూరన. కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వవిచారము’లో ఈ కావ్యాన్ని ఎందుకంతగా తలకెత్తుకున్నారో ఈ ఒక్క ఘట్టం చదివితే తెలుస్తుంది.

అడిగిన స్త్రీల గురించి మగకవులు రాసినప్పుడు మనం ప్రబంధమని చదివాం. ఒక స్త్రీ రాసినప్పుడు ఏం చేశాం? తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రాసింది. రాధ తాను పెంచిన ఇళకు తానే కృష్ణుడితో పెళ్ళి చేస్తుంది, చేసి తట్టుకోలేక అలమటిస్తుంది, కోపగిస్తుంది, తనకేం కావాలో తన నోటితో చెబుతుంది. అంతకుముందు అచ్చైన ప్రతిలో కొన్ని పద్యాలు వదిలేశారని గమనించి, మూలప్రతి సంపాదించి, బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో వావిళ్ళవారి చేత పూర్తిగా అచ్చువేయించారు. పెద్దమనుషులు బూతన్నారు, తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లో కానీ ఆ నిషేధం పోలేదు. వరూధినిని చదివిన చేతులతోనే రాధను పక్కన పెట్టాం. దేవుణ్ణే అడిగిన స్త్రీకి, ఆ అడగడాన్ని రాసిన స్త్రీకి మన సమాజం ఇచ్చిన జవాబు అది. కచుడి జవాబు కంటే అది ఏమంత మెరుగైంది కాదు.

ఈ సభలో తెలుగు అధ్యాపకులున్నారు, విద్యార్థులున్నారు. నేను కోరేది ఒక్కటే. మనుచరిత్రను ప్రవరుడు ఇల్లు చేరిన చోట ముగించకండి, ఆరో ఆశ్వాసం దాకా చదివించండి. శూర్పణఖను చెప్పిన రోజే హిడింబను చెప్పండి. కచుణ్ణి చెప్పేటప్పుడు దేవతలు అతనికిచ్చిన సలహా వదిలేయకండి. రాధికాసాంత్వనాన్ని గ్రంథాలయం వెనక బీరువాలోంచి ముందు వరసలోకి తీసుకురండి. మాస్టారి పేరు మీద ఏడాదికొక ఉపన్యాసం పెట్టడం మంచిదే. దానికంటే, నెలకోసారి పదిమంది కూర్చుని ఒక ఆశ్వాసం పైకి చదువుకుంటే ఆయన ఎక్కువ సంతోషిస్తారు. మనుచరిత్ర మూడో ఆశ్వాసంతో మొదలుపెడదాం. పుస్తకం లేనివాళ్ళు ఈ సభ అయ్యాక నా దగ్గరికి రండి, నా దగ్గరున్న ప్రతులు ఇస్తాను. సెలవు.